పొగుడుతా తిట్టే వ్యాసాలు: ఇవి ఎట్లా రాస్తారు, ఎంతవరకు నమ్మాల?

ఏడురోడ్లబాబు (కడప), ఉదయం 8:12

అన్నలారా, అక్కలారా, ఒక సందేహం. మా నాయనకు పొద్దున్నే ఏడు రోడ్ల కాడ టీ అంగట్లో కూచోని పేపర్ చదవడం అలవాటు. వార్తలు మనసులో చదువుకుంటాడు గానీ మధ్య పేజీ వ్యాసం మాత్రం పైకి చదువుతాడు, పక్కనోళ్ళు విన్నా వినకపోయినా. నిన్న అట్లే ఒకటి చదివినాడు. ఒక పెద్ద నాయకుని మీద. పేరు రాయను, రాస్తే ఇక్కడ గలాటా అయితాది. వ్యాసంలో ఒక్క తిట్టు లేదు. మొదటి నుంచి చివరిదాకా ‘మహానుభావుడు’, ‘దయామయుడు’, ‘మన పూర్వజన్మ సుకృతం’. మా నాయన చదువుతా చదువుతా నవ్వుతాండాడు. పక్కన బజ్జీ తినే ఆయప్ప ఆ నాయకుని మనిషి. మొహం ఎర్రగా చేసుకొని, చేతికున్న నూనె మా నాయన పేపర్‌కే తుడిచి లేచిపోయినాడు. సరిగ్గా ఆ వ్యాసం మీదనే!

ఇంగొక కత ఏమంటే, మా మామ అదే వ్యాసాన్ని ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద మూడు దండాలు పెట్టినాడు. మామ గుడక ఆ నాయకునికి వీరాభిమానే. ఆయనకది నిజంగా పొగిడినట్టే అనిపించింది.

ఒకే వ్యాసం. ఒకరు నవ్వినారు, ఒకరికి కడుపు మండింది, ఒకరు దండం పెట్టినారు. ఈ విద్య ఏంది? ఇట్లా రాయడం న్యాయమేనా, లేకుంటే దొరక్కుండా తిట్టే తెలివా?

సీమసింహం (ప్రొద్దుటూరు), ఉదయం 8:20

ఇందులో సందేహమేముంది? ఏ పేపరో చెప్పు, వ్యాసం చదవకుండానే అందులో ఏముందో నేను చెప్తా. అంతా పార్టీ రాతలు. టైం దండగ.

తెలుగుమేడం (అనంతపురం), ఉదయం 9:05

బాబూ, దీనికి మన అలంకార శాస్త్రంలో పేరుంది. వ్యాజస్తుతి. పైకి స్తుతి, లోపల నింద. పైకి తిడుతూ లోపల పొగిడేదీ ఉంది, శివుణ్ణి ‘ఇల్లూ వాకిలీ లేని బిచ్చగాడు’ అని భక్తులు ముద్దుగా తిట్టినట్టు. డిగ్రీ పిల్లలకు ఇది చెప్పేటప్పుడు లక్షణం చదివితే ఎవరికీ ఎక్కదు. ‘పెళ్ళిలో అక్షింతలు వేస్తారు, ఆఫీసులో కూడా మేనేజరు అక్షింతలు వేస్తాడు, రెండూ ఒకటేనా?’ అని అడిగితే మాత్రం క్లాసు మొత్తం నవ్వుతుంది. దీవెన మాటనే తిట్టుగా వాడుకునే జాతి మనది. మీ కడప జిల్లాలోనే పుట్టిన గజ్జెల మల్లారెడ్డి గారు రాజకీయ వ్యంగ్యం రాసి దానికి ‘అక్షింతలు’ అనే పేరు పెట్టారు. శీర్షికే వ్యాజస్తుతి అన్నమాట.

ఇది పనిచేసేదెట్లా అంటే, రచయిత సగం చెప్పి ఊరుకుంటాడు. మిగతా సగం చదివేవాడు పూర్తిచేసుకుంటాడు. ‘ఈయన అవినీతిపరుడు’ అని రాస్తే పాఠకుడు రుజువేదీ అని అడుగుతాడు. ‘ఈయన ఆస్తి పెరిగింది కేవలం కష్టపడి కోళ్ళు పెంచడం వల్లే’ అని రాస్తే పాఠకుడు తానే నవ్వి, తానే తీర్పు చెప్పేస్తాడు. తాను చెప్పిన తీర్పును తానే అనుమానించడు కదా! బలం అక్కడుంది, ప్రమాదమూ అక్కడే ఉంది.

మీ మామగారి సంగతి కూడా అంతే. మిగతా సగం పూర్తిచెయ్యడానికి కావలసిన సమాచారం ఆయన దగ్గర లేదు, లేదా ఉన్నా మనసు ఒప్పుకోలేదు. ఆయనను వెక్కిరించకండి. వ్యంగ్యం అందరికీ అందదు, అందనివాళ్ళంతా తెలివితక్కువవాళ్ళు కాదు.

డెస్కుతాత (కర్నూలు), ఉదయం 10:40

మేడం గారు అలంకారాలు చెప్పారు. నేను వంటింటి సంగతులు చెప్తా. పేపర్ ఆఫీసులో చాలా ఏళ్ళు సబ్ ఎడిటర్‌గా పనిచేసి రిటైర్ అయిన మనిషిని, కళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు.

పెద్ద పెద్ద అలంకారాలు ఎవరికైనా కనపడతాయి. తెలుగులో అసలైన కత్తులు చిన్నవి. ‘అన్నారు’ అని రాస్తే ఏ రంగూ లేదు. ‘సెలవిచ్చారు’ అని రాసి చూడండి, ఆ మనిషి సింహాసనం ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. ‘చెప్పుకొచ్చారు’ అంటే సాగదీశారు, మీరు నమ్మనక్కర్లేదు అని. ‘ఉద్ఘాటించారు’ అంటే నోరు పెద్దది, పని చిన్నది. ‘వాపోయారు’ అంటే ఏడుపు. నాయకుడు ఆడిన మాట ఒకటే, క్రియ మారిస్తే మనిషే మారిపోతాడు. మా కాలంలో ఒక సీనియర్ ఉండేవాడు, వార్తలో ‘సెలవిచ్చారు’ కనపడితే ఎర్ర పెన్నుతో కొట్టేసేవాడు. వ్యాసంలో కనపడితే మాత్రం ముట్టుకునేవాడు కాదు. ‘వార్తకు రంగు ఉండకూడదు, వ్యాసానికి ఉండొచ్చు, చదివేవాడికి తేడా తెలిస్తే చాలు’ అనేవాడు.

ఇంకా చిన్నది ‘అట’. ‘వెయ్యిమందికి ఉద్యోగాలు ఇచ్చారు’ అని ఒకటి, ‘వెయ్యిమందికి ఉద్యోగాలు ఇచ్చారట’ అని ఒకటి. ఒక్క ట వత్తి పలికితే ఉద్యోగాలన్నీ మాయం. రచయిత ‘అబద్ధం’ అనలేదు, లెక్క తప్పని చూపలేదు, ఒక అక్షరం అంటించాడంతే. దానికి ముందో వెనకో ‘పాపం’ అని చేర్చితే ఇక ఆ నాయకుడు లేవలేడు. ‘గారు’ కూడా అంతే. పేజీ అంతా ఉత్త పేరు రాసి, ఒక్కచోట మాత్రం ‘గారు’ వచ్చిందంటే అక్కడ వాత పెట్టాడని అర్థం.

గ్రూప్2గోవిందు (గుంతకల్లు), ఉదయం 10:58

తాతా, సంపాదకీయం, వ్యాసం ఒకటి కాదా? పరీక్షకు పనికొస్తుందని అడుగుతున్నా.

డెస్కుతాత (కర్నూలు), ఉదయం 11:15

కాదు నాయనా. సంపాదకీయానికి పేరుండదు, అది పత్రిక గొంతు. వ్యాసానికి రాసినవాడి పేరుంటుంది, అభిప్రాయం అతనిది. అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబర్‌లో సంపాదకీయం ఎదురు పేజీని బయటివాళ్ళ అభిప్రాయాలకు కేటాయించాక ఆ పద్ధతి బాగా పాకింది. ఒకటి గుర్తుపెట్టుకో. వ్యాసం మీద హెడ్డింగ్ చాలాసార్లు రాసినవాడు పెట్టడు, మా బోటి డెస్కువాళ్ళు పెడతారు. లోపల పెద్దమనిషి జాగ్రత్తగా ‘ఇది ఆలోచించాల్సిన విషయం’ అని రాస్తే, మేము పైన ‘ఇదేనా పాలన?’ అని పెడతాం. జనం హెడ్డింగ్ చదివి ఆయన్ని తిడతారు.

సీమసింహం (ప్రొద్దుటూరు), ఉదయం 11:22

ఒప్పుకున్నావు కదా తాతా. నేను చెప్పిందీ అదే, అంతా వంట.

బురుజులాయరు (కర్నూలు), మధ్యాహ్నం 1:30

బాబు రెండో ప్రశ్న అడిగాడు, దొరక్కుండా తిట్టే తెలివా అని. దొరకదని ఎవరు చెప్పారు?

1860 నాటి శిక్షాస్మృతిలో పరువునష్టం 499వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 356. అందులో మూడో వివరణ చూడండి: వ్యంగ్యంగా అన్నా అది పరువునష్టం కావచ్చు. దానికి చట్టంలోనే ఇచ్చిన మొదటి ఉదాహరణ మేడం గారు క్లాసులో చెప్పుకోవచ్చు. ఒకాయన ఇంకొకాయన గురించి ‘అతను నిజాయితీపరుడు, ఫలానావాడి గడియారం ఎప్పుడూ దొంగిలించలేదు’ అంటాడు. వినేవాళ్ళు దొంగిలించాడనే అనుకోవాలని అతని ఉద్దేశం. ఇది పరువునష్టమే అని చట్టం చెబుతుంది, మినహాయింపుల కిందికి వస్తే తప్ప. ఇంగ్లీషు దొరలు రాసిన చట్టంలో అచ్చమైన వ్యాజస్తుతి! మూడో ఉదాహరణలో గడియారం పట్టుకొని పారిపోతున్నట్టు బొమ్మ గీయడం కూడా ఉంది, కార్టూనిస్టులు గుర్తుంచుకోవాలి. శిక్ష రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజ సేవ కూడా చేర్చారు.

మరి వ్యాసకర్తలందరూ ఎందుకు జైల్లో లేరు? పది మినహాయింపులు ఉన్నాయి కాబట్టి. రెండోది ముఖ్యం. ప్రభుత్వోద్యోగి తన అధికారిక పనిలో ఎలా నడుచుకున్నాడో దాని మీద మంచి మనసుతో ఏ అభిప్రాయమైనా చెప్పొచ్చు. అతని స్వభావం మీద కూడా చెప్పొచ్చు, కానీ ఆ పనిలో బయటపడినంత మేరకే, ‘అంతకు మించి కాదు’ అని ఒక తోక పెట్టారు. మంత్రులూ దీని కిందికే వస్తారు. ఆ తోక దగ్గరే కేసులన్నీ నడుస్తాయి. ‘ఆనకట్ట టెండర్లో మంత్రి లెక్క తప్పింది’ అంటే గీత లోపల. ‘లెక్క తప్పేది వాళ్ళ వంశంలోనే ఉంది’ అంటే గీత బయట. 2016లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందనే చెప్పింది.

గండికోటగాలి (జమ్మలమడుగు), మధ్యాహ్నం 3:10

అలంకారాలు సరే, చట్టాలు సరే. నేను అంతకంటే గట్టి కత్తి చూపిస్తా. ఏ అలంకారమూ లేకుండా ఉత్త తేదీలు.

మా వైపు ఉక్కు ఫ్యాక్టరీ కత అందరికీ తెలిసిందే. 2007లో రాజశేఖరరెడ్డి గారు జమ్మలమడుగు దగ్గర శంకుస్థాపన చేసినారు. 2018 డిసెంబర్‌లో చంద్రబాబు నాయుడు గారు కంబాలదిన్నె కాడ చేసినారు. 2019 డిసెంబర్‌లో జగన్‌మోహన్‌రెడ్డి గారు సున్నపురాళ్లపల్లె కాడ చేసినారు. 2023 ఫిబ్రవరిలో మళ్ళా ఆయనే, అదే ఊరి కాడ, ఈసారి జిందాల్ కంపెనీతో కలిసి. ఇప్పుడు చూడండి, నేను ఒక్క విశేషణం వాడలేదు. ఊరికే ‘2007లో ఒక రాయి, 2018లో ఒక రాయి, 2019లో ఒక రాయి, 2023లో ఒక రాయి’ అని చదివితే చాలు, గుండెలో రాయి పడతాది.

అసలు మాయ ఇక్కడుంది. ఏ రాయి నుంచి లెక్క మొదలుపెడతావు? ఒకాయన 2018 ఒక్కటే పట్టుకుంటాడు. ‘నాలుగున్నరేళ్ళు నిద్రపోయి, ఎన్నికలకు నాలుగు నెలలు కూడా లేకుండా లేచినాడు’ అంటాడు. ఇంకొకాయన 2018ని మింగేసి 2019, 2023 మాత్రమే చెప్తాడు. ‘ఒకే మనిషి, ఒకే ఊరు, రెండు కొబ్బరికాయలు’ అంటాడు. ఇద్దరూ చెప్పింది నిజమే! అబద్ధం ఒక్క ముక్క లేదు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో చూడాలని రాసుంది. ఆ మాట ఎత్తితే రాయి ఢిల్లీ దాకా పోయి తగులుతాది. అది ఎత్తేవాళ్ళు తక్కువ.

నాకైతే వ్యంగ్యం కంటే ఇది భయం. వ్యంగ్యం వ్యంగ్యమని తెలిసిపోతాది. వదిలేసిన రాయి ఎవరికి కనపడతాది?

(ఊరి పేరులోనే సున్నమూ రాళ్ళూ ఉన్నాయి. దాన్ని ‘సున్నా, రాళ్ళు’ అని విరవని వ్యాసకర్త ఇంకా పుట్టలేదనుకుంటా. శ్లేష కదా మేడం?)

తెలుగుమేడం (అనంతపురం), మధ్యాహ్నం 3:25

శ్లేషే. కొంచెం చవకబారుదే అయినా శ్లేషే.

సీమసింహం (ప్రొద్దుటూరు), మధ్యాహ్నం 3:31

గండికోటా, మా నాయకుని రాయిని రెండుసార్లు ఎందుకు లెక్కేసినావు? రెండోది విస్తరించిన ప్రాజెక్టు. నీ ముసుగు తొలిగింది.

గండికోటగాలి (జమ్మలమడుగు), మధ్యాహ్నం 3:34

చూసినారా. నాలుగు తేదీలు చెప్తే నాకు పార్టీ అంటగట్టినాడు. రెండు కొబ్బరికాయలు కొట్టినారా లేదా?

నిర్వాహకుడు, మధ్యాహ్నం 3:50

ఉక్కు ఫ్యాక్టరీ మీద కొట్లాటకు వేరే చర్చ ఉంది, అక్కడికి పొండి. ఇక్కడ రాతల పద్ధతి గురించే. సింహం అన్నా, ఒక్క పూట గర్జన ఆపండి.

టమాటాసుబ్బక్క (పత్తికొండ), సాయంత్రం 6:45

మార్కెట్ నుంచి ఇప్పుడే వచ్చినా. అంతా చదివినా. మీరెవ్వరూ ఎత్తని మాట ఒకటుంది.

నాయకుడు చేతగానోడని చెప్పాలంటే పెద్ద పెద్ద వ్యాసకర్తలు గుడక రాసే మాట, ‘గాజులు తొడుక్కుని ఇంట్లో కూచో’. నేను పదేళ్ళుగా పత్తికొండ మార్కెట్లో టమాటా గంపలు ఎత్తుతాండా, రెండు చేతులకూ గాజులతోనే. గంప కిందికి దించేటప్పుడు గాజు పగిలి మణికట్టు కోసుకుంటాది, పసుపు అద్దుకొని ఇంగో గంప ఎత్తుతా. ఆ గాజులు చేతగానితనానికి గుర్తు ఎట్లయినాయి సామీ? మంత్రిని తిట్టాలనుకొని మమ్మల్ని తిట్టినారు. మంత్రికి తగిలిందో లేదో తెలీదు, నాకు తగిలింది.

ఇంగ ‘గుడ్డి ప్రభుత్వం’, ‘చెవిటి ప్రభుత్వం’, ‘కుంటి సాకులు’. మా తమ్మునికి చిన్నప్పుడే పోలియో. పేపర్లో ‘కుంటి సాకు’ అని కనపడితే ఆ పేజీ తిప్పేస్తాడు. ఆడ మనిషి రాజకీయాల్లో ఉంటే చీర రంగు నుంచి మొదలుపెట్టి మొగుని దాకా పోతారు. మగోళ్ళ చొక్కా రంగు మీద ఎవరన్నా రాసినారా?

లాయరు గారు చెప్పిన గీత మంత్రులకేనా, మాకు లేదా?

బురుజులాయరు (కర్నూలు), సాయంత్రం 7:02

అక్కా, నిజం చెప్పాలంటే చట్టంలో దానికి సూటి జవాబు లేదు. పరువునష్టం కేసు ఎవరిని ఉద్దేశించి అన్నారో వాళ్ళది. మీది పక్కనుంచి తగిలిన దెబ్బ.

డెస్కుతాత (కర్నూలు), సాయంత్రం 7:30

సుబ్బక్కా, ఆ ‘గాజులు’ నేను కూడా పాస్ చేశాను. ఎన్నిసార్లో లెక్క లేదు. చేతికి అలవాటైన మాట, కన్ను ఆగేది కాదు.

మా కర్నూలు మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి సంగతి గుర్తొస్తోంది. 1908లో బెజవాడ నుంచి వచ్చే ‘స్వరాజ్య’ పత్రికలో తెల్ల ప్రభుత్వాన్ని క్రూర వ్యాఘ్రంతో పోల్చి రాసినందుకు రాజద్రోహం కేసు. మూడేళ్ళు జైలు, వేలూరులో. ఒక్క పోలికకు మూడేళ్ళు! ఆ పోలికలో గమనించండి, పులి అనేది ఏలికను కొట్టింది, పక్కనున్న బీదాబిక్కికి తగల్లేదు. తిలక్ మహాశయుడు 1897లో కేసరిలో ‘సర్కారు తల ఠికాణాగా ఉందా?’ అనే అర్థంతో సంపాదకీయానికి పేరు పెట్టాడు. ఆ ఏడాదే ఆయనకూ రాజద్రోహం కింద ఏడాదిన్నర శిక్ష పడింది. కాకపోతే ఆ ప్రశ్నకు కాదు, అదే పత్రికలో అంతకు ముందు వచ్చిన రాతలకు. ప్రశ్నకు శిక్ష వెయ్యడం కష్టం. అందుకే ఇప్పటికీ మా డెస్కులకు ప్రశ్న గుర్తంటే అంత ప్రేమ.

తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తా. పత్రిక పేరు అడక్కండి. ఒక రాత్రి ఒక పెద్దాయన వ్యాసం పేజీలో ఏడు లైన్లు ఎక్కువైంది. వార్తకైతే కింద నుంచి కొయ్యడం మాకు అలవాటు, ముఖ్యమైనది పైనే ఉంటుంది కాబట్టి. అదే అలవాటున దీన్నీ కింద నుంచి కోశాను. ఆ పెద్దాయన పైన అంతా చమత్కారం రాసి, అసలు లెక్క, ఒక చెరువు పూడిక పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు చూపారు అన్నది, చివరి పేరాలో పెట్టుకున్నాడు. మర్నాడు నాయకుడి మనుషులు ఫోన్ చేసి ‘బాగా నవ్వుకున్నాం సార్’ అన్నారు. లెక్క అచ్చయి ఉంటే నవ్వేవాళ్ళు కాదు. రాసినాయన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

తెలుగుమేడం (అనంతపురం), రాత్రి 8:15

తాతగారూ, ఆ ఏడు లైన్ల కథ మా పిల్లలకు చెప్తాను, మీ అనుమతి ఉంటే.

నాయకులకు కూడా ఈ విద్య తెలుసు. 1937 నవంబర్‌లో కలకత్తా ‘మోడర్న్ రివ్యూ’లో చాణక్య అనే పేరుతో జవహర్‌లాల్ నెహ్రూ మీద వ్యాసం వచ్చింది. జనం జేజేలు కొడుతున్నప్పుడు ఈయన మొహం చూడండి, ఈయనలో నియంత అయ్యే లక్షణాలున్నాయి, మనకు సీజర్లు వద్దు, మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చెయ్యకండి అని దాని సారాంశం. రాసింది స్వయంగా నెహ్రూనే! దీన్ని నేను క్లాసులో రెండు రకాలుగా చదివిస్తాను. ఒకసారి ఆత్మవిమర్శగా, ఇంకోసారి ‘తన మీద తానే ఇంత బాగా రాసుకునేవాడు ఎంత గొప్పవాడో’ అనిపించే పొగడ్తగా. పిల్లలు ఏటా సగం సగం చీలిపోతారు. నేనూ ఒక్కో ఏడాది ఒక్కో పక్క ఉంటాను.

గ్రూప్2గోవిందు (గుంతకల్లు), రాత్రి 9:20

బాబన్న ఆ వ్యాసం ఫొటో నాకు పంపినాడు (నూనె మరక సహా). చదువు పక్కన పెట్టి ఒక పని చేసినా. ‘మహానుభావుడు’ లాంటివన్నీ పెన్సిల్‌తో కొట్టేసినా. ‘అట’లు, ‘పాపం’లు, ప్రశ్న గుర్తున్న వాక్యాలు కొట్టేసినా. సామెతలు రెండుంటే అవీ కొట్టేసినా. చివరికి పోయి చూసుకోగలిగే మాటలు మూడే మిగిలినాయి. ఒక జీవో తేదీ, ఒక రోడ్డు పొడవు, సభలో ఇచ్చిన ఒక హామీ. జీవో తేదీ సరిగ్గానే ఉంది, చూసినా. హామీ వీడియో దొరికింది, ఆ మాట అన్నాడు. రోడ్డు పొడవు మాత్రం వ్యాసంలో తక్కువ రాసినారు, బోర్డు మీద ఎక్కువుంది.

అంటే నాయకుడు మాట తప్పిందీ నిజమే, వ్యాసం రోడ్డు కొంచెం మింగిందీ నిజమే.

సీమసింహం (ప్రొద్దుటూరు), రాత్రి 9:31

అదే పని మా నాయకుణ్ణి పొగిడిన వ్యాసం మీద చేసి చూపించు.

గ్రూప్2గోవిందు (గుంతకల్లు), రాత్రి 9:40

చేసినా అన్నా. ఒక్కటి కూడా మిగల్లేదు.

టమాటాసుబ్బక్క (పత్తికొండ), రాత్రి 9:44

😂 గోవిందూ, నీకు ఉగ్గాని బజ్జి బాకీ ఉండాను.

ఏడురోడ్లబాబు (కడప), మర్నాడు ఉదయం 7:50

అందరికీ దండాలు. ఇవన్నీ మా నాయనకు చదివి వినిపించినా. గడియారం కత రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఈ పొద్దు టీ అంగట్లో ఆ బజ్జీ ఆయప్ప మళ్ళా వచ్చినాడు. మా నాయన ఆయన్ని చూసి, ‘ఈయప్ప మహా పెద్దమనిషి, నా పేపర్‌కు ఎప్పుడూ చెయ్యి తుడవలేదు’ అన్నాడు. ఆయప్ప రొంతసేపు ఆలోచించి, రెండు టీలకు దుడ్లు కట్టి పోయినాడు.

మామ సంగతి అడిగినారు ఇద్దరు ముగ్గురు. ఎవరు చెప్పినారో ఏమో, తెలిసిపోయింది. దండాలు తీసేసినాడు. రాత్రి గ్రూపులో ఇంగో వ్యాసం పెట్టి కింద రాసినాడు: ‘ఇది పొగడ్తనో తిట్టో ముందు ఎవరన్నా చదివి చెప్పండి. అంతదాకా దండం పెట్టను.’